ఒకే పీసుకు మూడు బొమ్మలు

కర్నూలు ఊరు నీళ్ళలో మునిగిన యేడు అది. అక్టోబరులో వరద వచ్చి పోయింది. నవంబరు సగమయ్యేసరికి లక్ష్మయ్య చేతికి ఒక కాగితం వచ్చింది.

లక్ష్మయ్య తార్నాక పక్కనున్న యూనివర్సిటీలో, ఒక కాలేజీ వర్క్‌షాపులో ఫిట్టరు. ఇరవై ఒక్క యేళ్ళుగా రోజుకూలి మీదే ఫిట్టరు. చదివింది మూడు తరగతులు. అయినా ఏది విరిగినా తెచ్చి ఆయన బల్ల మీద పెడితే చాలు. దాన్ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పేవాడు, బొటనవేలితో అంచు తడిమేవాడు, సాయంత్రానికల్లా దాని తోబుట్టువును చేసి పక్కన పెట్టేవాడు. ఏది పాతదో ఏది కొత్తదో తుప్పు చూసి చెప్పవలసిందే. కాగితం ఎన్నడూ అడగలేదు. “నమూనా తెండ్రి” అనేవాడు. ఆయన నోటి నుంచి రోజు మొత్తంలో వచ్చే మాటల్లో సగం అవే.

ఇప్పుడు సర్క్యులరు వచ్చింది. పదేళ్ళు దాటిన రోజుకూలీలను పర్మనెంటు చేస్తారట. అయితే ట్రేడ్ టెస్టు పాసు కావాలట. పాసు కానివాళ్ళు జనవరి ఒకటి నుంచి పనికి రానక్కరలేదట. ఈ ‘అట’లన్నీ చదివి వినిపించి, వర్క్‌షాపు సూపరింటెండెంటు వెంకటకృష్ణ గారు బల్ల సొరుగులోంచి నీలం గీతల కాగితం ఒకటి తీసి ఇచ్చాడు.

“ఇదే పరీక్ష లక్ష్మయ్యా. డిసెంబరు తొమ్మిదో తారీఖు పది గంటలకి కమిటీవాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు ఈ డ్రాయింగు చూసి ఈ పీసు చెయ్యాలి. మధ్యలో ఏ గీత మీద వేలు పెట్టి అడిగినా అదేమిటో చెప్పాలి.”

“నమూనా?”

“నమూనా ఉండదు. కాగితమే నమూనా.”

లక్ష్మయ్య కాగితాన్ని బొటనవేలితో తడిమాడు. అంచు దొరకలేదు.

అయినా ఆయన పని ఎగ్గొట్టే మనిషి కాడు. అంకెలు చదవడం వచ్చు. మూడో తరగతి దాకా అంకెలే కదా చెప్పింది. రెండు రోజులు కూర్చుని చేశాడు. మూడో రోజు పొద్దున సూపరింటెండెంటు బల్ల మీద శుభ్రంగా తుడిచి పెట్టాడు. ఒకటి కాదు, మూడు. ఒకటి కుర్చీని పక్క నుంచి చూసినట్టుండే ముక్క. ఒకటి పొడుగు పలక, దానికి గుండ్రటి బొక్క. ఒకటి పైఅంచున గంటు పెట్టిన పలక. మూడూ అద్దంలా మెరుస్తున్నాయి. కొలతలు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

వెంకటకృష్ణ గారు వాటి వంక చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

“మూడెందుకు చేశావయ్యా?”

“మూడున్నయి గద సార్ కాగితం మీద.”

“అవి ఒకే వస్తువుకి మూడు బొమ్మలయ్యా! ఎదురుగా చూస్తే ఒకటి, పైనుంచి చూస్తే ఒకటి, పక్కనుంచి చూస్తే ఒకటి. వస్తువు ఒక్కటే. బ్రాకెట్టు.”

“ఒక్కటే అయితే మూడుసార్లు గీసుడేంది సార్? ఒక్కసారి మంచిగ గీస్తే అయిపోతది గద.”

ముప్పై యేళ్ళ సర్వీసులో ఆ ప్రశ్న వెంకటకృష్ణ గారిని ఎవరూ అడగలేదు. ఆయన గంటు పెట్టిన పలకను చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టాడు.

“మరి ఈ చుక్కలేమిటి? సన్నగా వరుసగా పొడిచావు.”

“కాగితం మీద చుక్కలున్నయి సార్. పంచితోని కొట్టిన. కాగితం మీద ఇరవై రెండుండె. ఇరవై రెండూ కొట్టిన.”

“అవి చుక్కల గీతలు. అంటే లోపల ఉన్నవి, బయటికి కనబడవు అని.”

“కనబడనియి గీసుడెందుకు సార్?”

వెంకటకృష్ణ గారు మూడు ముక్కలనూ సొరుగులో వేసి మూసేశాడు. “ఎవరి దగ్గరైనా నేర్చుకో లక్ష్మయ్యా. ఇంకా ఇరవై రోజులుంది. నీ పని నాకు తెలుసు. కమిటీకి తెలియదు కదా.”

లక్ష్మయ్యకు తెలిసిన గీతల మనిషి ఒక్కడే. తార్నాక ఎనిమిదో నంబరు వీధిలో ఉండే సోమయాజులు గారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఒక ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా గీతలు గీసి రిటైరయ్యాడు. అక్టోబరు వానలకు ఆయన ఇంటి సంపు మోటారులో ఇరుసు చుట్టూ ఉండే బుష్షు అరిగిపోతే లక్ష్మయ్యే చేసిచ్చాడు. అప్పుడు కూడా సోమయాజులు గారు బుష్షుకు చక్కగా డ్రాయింగు గీసి తెచ్చి చేతిలో పెట్టాడు. లక్ష్మయ్య దాన్ని మడిచి కాలు ఊగుతున్న బల్ల కింద పెట్టి, అరిగిన బుష్షు చూసి కొత్తది చేశాడు.

“నేర్పిస్తానయ్యా, ఎందుకు నేర్పించను!” అన్నాడు సోమయాజులు గారు. లోపలినుంచి ఆయన భార్య అరుంధతి వచ్చి, “రిటైరయ్యాక ఈయన మాట వినడానికి వచ్చిన మొదటి మనిషివి నువ్వే. కూర్చో నాయనా” అంది.

మొదటి పాఠం కాఫీ ఫిల్టరు మీద జరిగింది. సోమయాజులు గారు దాన్ని బల్ల మీద పెట్టి, లక్ష్మయ్యను ఎదురుగా కూర్చోబెట్టాడు.

“ఏం కనబడుతోంది?”

“ఫిల్టరు సార్.”

“ఫిల్టరని మరిచిపో. ఆకారం చెప్పు.”

“డబ్బా. నిలువుగ ఉన్నది.”

“ఇప్పుడు లేచి పైనుంచి చూడు.”

“గుండ్రం.”

“అద్గదీ! మరి లోపల చిల్లుల పళ్ళెం ఉందిగా. కనబడుతోందా?”

“కనబడ్తలేదు.”

“లేదంటావా?”

“ఉన్నది సార్. లేకుంటే కాఫీ ఎట్లయితది?”

“అదే చుక్కల గీత! కనబడదు, ఉంది. ఉందని కాగితం మీద ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే చేసేవాడు పళ్ళెం లేని ఫిల్టరు చేస్తాడు.”

లక్ష్మయ్య ఫిల్టరు విప్పి పళ్ళెం బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. ఆ ఇంట్లో ఆ పూట కాఫీ లేదు.

రెండో పాఠం సొరకాయ మీద, మూడోది రుబ్బురోలు మీద, నాలుగోది అరుంధతి గారి కుట్టుమిషను మీద. వారం తిరిగేసరికి ఆ ఇంట్లో అడ్డంగా కోయని కూరగాయ లేదు. మధ్యకు కోస్తే లోపల ఎలా ఉంటుందో చూపించాలని సోమయాజులు గారు దోసకాయలు, కాకరకాయలు, చివరికి దేవుడి దగ్గర పెట్టిన కొబ్బరికాయ కూడా కోసేశాడు. “కూరకి నాకు కరివేపాకు తప్ప ఏమీ మిగల్చలేదు” అని అరుంధతి గారు వీధి గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పింది.

ఒక్క చోట మాత్రం లక్ష్మయ్య మొండికేశాడు.

“ఎడమ పక్కకెళ్ళి చూసిన బొమ్మ కుడి పక్కన గీసిన్రేంది సార్?”

“అది రూలయ్యా. ఎడమ నుంచి చూసినది కుడివైపు పెట్టాలి.”

“ఎడమ దిక్కు చూసింది ఎడమ దిక్కే పెడితే ఏమైతది?”

“ఏమీ కాదు. అమెరికావాళ్ళు అట్లాగే పెడతారు. మనకి ఇలా పెట్టమని రూలు.”

“ఎవలు పెట్టిన్రు?”

“ఢిల్లీలో ఒక ఆఫీసుంది. వాళ్ళు.”

“ఢిల్లోళ్ళా,” అన్నాడు లక్ష్మయ్య. “అట్లయితే గట్లనే ఉంటది.” మళ్ళీ ఆ రూలు గురించి అడగలేదు.

ఇంట్లో ఆయన భార్య పోచమ్మకు ఇదంతా అనుమానంగా ఉంది. ఆమె తార్నాక చౌరస్తాలో ఆకుకూరలు అమ్మేది. పొయ్యి ముందు కూర్చుని ఉంటే మొగుడు వచ్చి ఎదురుగా నిలబడి చూస్తాడు. తర్వాత పక్కకు పోయి చూస్తాడు. ఒకనాడు స్టూలెక్కి పైనుంచి చూశాడు.

“ఏందయ్యా గట్ల చూస్తున్నవ్? ముప్పై యేండ్ల సంది కనబడనిది ఇయ్యాల ఏం కనబడ్డది?”

“టాప్ వ్యూ” అన్నాడు లక్ష్మయ్య.

“దిగు! నడుము ఇరుగుతది.”

దిగాడు. “పైకెళ్ళి చూస్తే నువ్వు గుండ్రంగ ఉన్నవ్” అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన భార్య రూపం గురించి అన్న మొదటి మాట అది. పోచమ్మకు కోపగించుకోవాలో సిగ్గుపడాలో తెలియక, కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఈలోగా నవంబరు చివరికొచ్చింది. క్యాంపస్ అంటుకుంది. తెలంగాణ కావాలని హాస్టళ్ళ నుంచి పిల్లలంతా రోడ్డు మీదికొచ్చారు. తార్నాక నుంచి లోపలికి పోయే దారిలో ముళ్ళకంచెలు పడ్డాయి, వ్యాన్లు వచ్చాయి, గ్యాసు గుండ్లు పేలాయి. రోజుకొక బందు. దుకాణాల షట్టర్లు సగం ఎత్తి సగం దించి ఉండేవి. సోమయాజులు గారు వీధి తలుపు మూసి, పెరటి తలుపులోంచి లక్ష్మయ్యను లోపలికి పిలిచేవాడు.

“మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారంటావా లక్ష్మయ్యా?” అని అడిగాడు ఒకరోజు, స్కేలు చేతిలో పట్టుకుని.

లక్ష్మయ్య ఆలోచించాడు. ఆయనకు తెలంగాణ రావాలని ఉంది. పొద్దున ఊరేగింపులో రెండు ఫర్లాంగులు నడిచి కూడా వచ్చాడు.

“తొమ్మిదో తారీఖు దాక ఎటు పోకుండ్రి సార్,” అన్నాడు. “ఎనక మీ ఇష్టం.”

సోమయాజులు గారు నవ్వాలా వద్దా అని చూశాడు. లక్ష్మయ్య అప్పటికే కాగితం మీదికి వంగాడు. “గీ గంటు ముందటి బొమ్మల చుక్కలెందుకైంది?” అంటున్నాడు.

తొమ్మిదో తారీఖు వచ్చింది. బుధవారం. బస్సుల్లేవు, ఆటోల్లేవు. లక్ష్మయ్య తొమ్మిదింటికల్లా ఉతికిన చొక్కా వేసుకుని, డ్రాయింగును చుట్టి చొక్కా లోపల పెట్టుకుని, నడుచుకుంటూ క్యాంపస్ దారి పట్టాడు. ముళ్ళకంచె దగ్గర పోలీసులు ఆపారు. చొక్కా లోంచి చుట్ట బయటికి తీశారు. విప్పారు. ఒక కానిస్టేబులు చూసి ఇంకొకరికిచ్చాడు. ఆయన ఇంకొకరికిచ్చాడు. చివరికది జీపు బానెట్ మీద కూర్చున్న ఎస్సై సామేలు దగ్గరికి చేరింది.

ఆయన ఎనిమిది రోజులుగా నిద్ర లేని మనిషి. కాగితాన్ని పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఏంది గిది?”

“బ్రాకెట్టు సార్. మీరు ఉల్టా పట్టుకున్నరు.”

సామేలు తిప్పి పట్టుకున్నాడు. “గీ గుండ్రం ఏంది?”

“బొక్క సార్.”

“నడుమ గీ ప్లస్ గుర్తు? తుపాకి నిశానా లెక్క ఉన్నది.”

“బొక్కకు నడిమి గీతలు సార్.”

“గీ చుక్కల గీత?”

“లోపలున్నది సార్. గీడికెళ్ళి చూస్తే కనబడది.”

“కనబడకపోతే ఎట్ల గీసినవ్?”

“నేను గీయలే. ఆఫీసోళ్ళు గీసిన్రు.”

“ఆఫీసోళ్ళకు కనబడ్డదా?”

“వాళ్ళకు కూడ కనబడది. అయినా ఉన్నదని ఒప్పుకోవాలె సార్. లేకుంటే చేసెటోనికి తెల్వదు.”

“అంటే, దాచిపెట్టిన్రు.”

లక్ష్మయ్య ఆలోచించాడు. పాఠంలో సోమయాజులు గారు కూడా ఇంచుమించు అదే మాట వాడాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. “ఔ సార్,” అన్నాడు. “దాగిన గీతలనే అంటరు.”

సామేలు ఎనిమిది రోజుల్లో మొదటిసారి నవ్వాడు. “రాసుకో వీరస్వామీ” అన్నాడు. వీరస్వామి అనే రైటరు కానిస్టేబులు అట్టకు కాగితాలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన దస్తూరి ముత్యాల్లా ఉంటుందని ఆ స్టేషనులో పేరు.

అప్పటికే పట్టుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టిన విద్యార్థుల్లో కమలాకర్ అనే రీసెర్చి స్కాలరు ఉన్నాడు. వర్క్‌షాపుకు వస్తూ పోతూ ఉండేవాడు. లక్ష్మయ్యను గుర్తుపట్టి లేచి నిలబడి అరిచాడు.

“సార్! మా వర్క్‌షాపు కాకా సార్! గది బాంబు గాదు సార్!”

“బాంబని నేనన్ననా?” అన్నాడు సామేలు మెల్లగా. “నువ్వన్నవ్. రాసుకో వీరస్వామీ. బాంబు ముచ్చట విద్యార్థి ముందుగా తెచ్చిండు.”

ఇంతలో సామేలు ఫోను మోగింది. పై ఆఫీసరు. అవతలి మాటలు అందరికీ వినబడుతున్నాయి. ఏం పట్టుకున్నావంటే కాగితమన్నాడు సామేలు. కాగితంతో కేసెట్లా నిలబడుతుంది, వస్తువేదీ అన్నాడు ఆయన. ఫోను పెట్టేసి సామేలు లక్ష్మయ్య వైపు తిరిగాడు.

“వస్తువేది?”

“ఇంక చెయ్యలే సార్.”

“ఎప్పుడు చేస్తవ్?”

“ఇయ్యాలనే. పది గంటలకు. వర్క్‌షాపుల.”

సామేలు గడియారం చూసుకున్నాడు. “పదిన్నరయింది గదనయ్యా! ఇంకా గీడ నిలబడ్డవేంది?”

ఇరవై ఒక్క యేళ్ళలో లక్ష్మయ్య పనికి ఆలస్యంగా పోవడం అదే మొదలు.

జీపెక్కించారు. దారిలో తార్నాకకు తిప్పి, కాగితం చదివే మనిషి ఎవరని లక్ష్మయ్యను అడిగి సోమయాజులు గారిని కూడా ఎక్కించారు. ఆయన బనీను మీద కండువా వేసుకుని, చేతిలో స్కేలుతో వచ్చాడు. పోలీసులు తలుపు కొట్టగానే చేతికి అందినది అదే. కమలాకర్‌ను వెనక సీటులో కూర్చోబెట్టారు, సాక్షికి పనికొస్తాడని. జీపు వస్తుంటే కంచెలు వాటంతటవే పక్కకు జరిగాయి. పొద్దున్నుంచీ ఏ మనిషినీ పోనివ్వని దారిలో లక్ష్మయ్య నలుగురు తుపాకుల పోలీసులతో దర్జాగా లోపలికి పోయాడు.

వర్క్‌షాపులో వెంకటకృష్ణ గారు ఒక్కడే ఉన్నాడు. కమిటీవాళ్ళు హబ్సిగూడ దగ్గర ఇరుక్కుపోయి ఫోను చేశారట. ఈరోజు రాలేరు, రేపు పదింటికి వస్తారు, రేపే ఆఖరు. పీసు, డ్రాయింగు బల్ల మీద పెట్టి ఉంచితే చూసి, నాలుగు ప్రశ్నలడిగి సంతకం చేస్తారు.

“అయితే చెయ్యనా సార్?” అన్నాడు లక్ష్మయ్య. వెంకటకృష్ణ గారు పోలీసుల వంక చూశాడు. “చెయ్యమన్నం గద” అన్నాడు సామేలు.

లక్ష్మయ్య ఇనుప దిమ్మను బల్లకున్న వైసు దవడల మధ్య బిగించాడు. నలుగురు పోలీసులు నాలుగు దిక్కులా నిలబడ్డారు. బయట గ్యాసు గుండ్లు పేలుతున్నాయి. పొగ కిటికీల్లోంచి వచ్చి అందరి కళ్ళూ కారుతున్నాయి. లక్ష్మయ్య కన్నీళ్ళు కారుస్తూ కోస్తున్నాడు, పోలీసులు కన్నీళ్ళు కారుస్తూ కాపలా కాస్తున్నారు. సామేలు స్టూలు వేసుకుని కూర్చుని, డ్రాయింగు మీద గీత గీతకూ వేలు పెట్టి అడుగుతున్నాడు. అది దర్యాప్తు అని ఆయన అనుకున్నాడు. కమిటీ కూడా అంతకన్నా ఎక్కువ అడగలేదని వెంకటకృష్ణ గారు తర్వాత అన్నాడు.

“యాభై ఏంది? కిలోలా?”

“మిల్లీమీటర్లు సార్. పొడుగు.”

“ముప్పై అయిదు?”

“ఎత్తు.”

“గీ ఇరవై అయిదు గీ బొమ్మల లేదు. గా బొమ్మల ఉన్నది. ఎందుకు?”

“వెడల్పు ముందటికెళ్ళి కనబడది సార్. పక్కకెళ్ళి చూస్తేనే కనబడ్తది. అందుకే మూడు గీస్తరు.” ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు లక్ష్మయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మూలన నిలబడ్డ సోమయాజులు గారు కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. గ్యాసు వల్ల కావచ్చు.

రెండు గంటలయ్యేసరికి సామేలు తుపాకుల పోలీసులకు సైడ్ వ్యూ చెబుతున్నాడు. “అరే, నువ్వు నిలబడ్డ కాడికెళ్ళి గంటు కనబడ్తదా? కనబడది. నువ్వు చుక్కల గీతనే గీయాలె.” ఆ పోలీసు తుపాకి గోడకానించి, పక్కకు వంగి చూసి, నిజమేనన్నాడు.

మూడింటికి పీసు తయారైంది. లక్ష్మయ్య నూనెగుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. యాభై పొడుగు, ఇరవై అయిదు వెడల్పు, ముప్పై అయిదు ఎత్తు. కింద బొక్క, పైన గంటు. సోమయాజులు గారు స్కేలు పెట్టి చూసి లక్ష్మయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

“బాంబు గాదు,” అన్నాడు సామేలు, కాస్త దిగులుగా. “బ్రాకెట్టే. పంచనామా రాయి వీరస్వామీ.”

పంచనామాకు ఇద్దరు పెద్దమనుషులు సాక్షులు కావాలి. సోమయాజులు గారు ఒకరు, కమలాకర్ ఒకరు. అక్కడ తగాదా మొదలైంది. వీరస్వామి “కుర్చీ ఆకారపు ఇనుప ముక్క” అని రాశాడు. సోమయాజులు గారు ఒప్పుకోలేదు. “అదేం వర్ణనయ్యా! కొలతలు రాయి. బొక్క వ్యాసం రాయి. అంచు నుంచి కేంద్రం ఎంత దూరమో రాయకపోతే కోర్టువాళ్ళకి ఏమర్థమవుతుంది?” అలా ఒక పేజీ పంచనామా నాలుగు పేజీలైంది. ఆ తర్వాత కమలాకర్ పట్టుకున్నాడు.

“రాష్ట్రం అని ఉన్న కాడ తెలంగాణ అని రాయాలె. లేకుంటే నేను సంతకం పెట్ట.”

“ఇవాళ్టికి ఆంధ్రప్రదేశే కదా బాబూ,” అన్నాడు సోమయాజులు గారు. “తప్పు రాస్తే చెల్లదు.”

“ఎవలది తప్పు సార్?”

“తారీఖుది బాబూ, తారీఖుది.”

ఇద్దరూ సామేలు వంక చూశారు. సామేలు బయట పొగ వంక చూశాడు. “ఖాళీ వదిలిపెట్టు వీరస్వామీ,” అన్నాడు. “రేపు చూద్దం.”

సంతకాలయ్యాయి. వీరస్వామి తెల్లగుడ్డ తీసి, పీసును, డ్రాయింగును కలిపి మూటగట్టి, లక్క కరిగించడం మొదలుపెట్టాడు.

“సార్, గదేంది?” అన్నాడు లక్ష్మయ్య.

“సీలు.”

“గది నా పరీక్ష సార్. కాగితం గూడ గదొక్కటే ఉన్నది. రేపు కమిటీకి సూపెట్టాలె. లేకుంటే నా నౌకరి పోతది.”

“తెలుసు పెద్దాయనా,” అన్నాడు సామేలు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “బాంబు కాదని కూడ తెలుసు. నిన్ను పట్టుకుంటలేను, ఇంటికి పో. కాని పంచనామా పేజీలకు నంబర్లుంటయి. మొదలుపెట్టినంక వస్తువు లేకుంట ముగియది. కోర్టుల దరఖాస్తు పెట్టుకో, ఆర్నెల్లల్ల ఇస్తరు.”

“బాంబు కానప్పుడు పంచనామా దేనికి సార్?” అన్నాడు వెంకటకృష్ణ గారు.

“బాంబు కాదని రుజువుకు,” అన్నాడు సామేలు. జీపు వెళ్ళిపోయింది. పోతూ పోతూ ఒక పోలీసు లక్ష్మయ్యకు సెల్యూట్ కొట్టాడు.

ఇంట్లో పోచమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

“అయిందా?”

“అయింది.”

“మరి?”

“పోలీసు ఠానల ఉన్నది.”

“ఎవలు?”

“పీసు.”

పోచమ్మ సామేలు ఇంటిల్లిపాదినీ తిట్టింది. లక్ష్మయ్య నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. ఢిల్లీ నుంచి మాట వచ్చిందని, తెలంగాణ ఇస్తామన్నారని ఆ రాత్రి బస్తీ అంతా లేచి కూర్చుంది. ఆయన లేవలేదు.

మరునాడు పొద్దున ఏడింటికి బయలుదేరాడు. తార్నాక గులాబీరంగై ఉంది. డప్పులు, టపాకాయలు. ముళ్ళకంచె పక్కకు లాగి పడేశారు. నిన్నటి పోలీసుల మొహాల మీద కూడా గులాల్ ఉంది. చౌరస్తా దాటేలోపు ఎవరో లక్ష్మయ్య రెండు చెంపలకూ ఇంత పూశారు.

ఎనిమిదో నంబరు వీధిలో సోమయాజులు గారి గేటు సగమే తెరుచుకుని ఉంది. లోపల ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో కాగితపు చుట్టతో.

“రాత్రి కూర్చుని గీశానయ్యా. అచ్చంగా అదే డ్రాయింగు. తీసుకెళ్ళు, పది గంటల్లోపు మొదలుపెట్టొచ్చు.”

లక్ష్మయ్య విప్పి చూశాడు. ఒక్క గీత తప్పులేదు. మళ్ళీ చుట్టి ఆయన చేతిలోనే పెట్టాడు.

“ఇది మీరు గీసింది సార్. కమిటీ మిమ్ముల పర్మనెంట్ చేస్తరు మరి.”

“అయితే ఎట్లా మరి?”

“నేను గీస్త. మీరు గూడ రాండ్రి, తప్పుపోతే చెప్తరు.”

“నేనా? ఇవాళా?” సోమయాజులు గారు వీధి చివరి డప్పుల వైపు చూశాడు. లక్ష్మయ్య తన చెంప మీది రంగును బొటనవేలితో తీసి ఆయన నుదుట పెట్టాడు.

“గేట్ పాస్” అన్నాడు. ఇద్దరూ నడిచారు. దారి పొడుగునా సోమయాజులు గారిని ఇద్దరు కౌగిలించుకున్నారు, ఒకాయన నోట్లో మిఠాయి పెట్టాడు.

వర్క్‌షాపులో లక్ష్మయ్య సిమెంటు నేల ఊడ్చి, చాక్‌పీసు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెన్సిలు పట్టి ఎరగని చెయ్యి. ఇనుప స్కేలు పెట్టి గీశాడు. ముందటి బొమ్మ. దాని కింద పైనుంచి చూసిన బొమ్మ. ఎడమకెళ్ళి చూసినది కుడి పక్కన. చుక్కల గీతలు. అంకెలు. సోమయాజులు గారు వెనకే వంగి ప్రతి గీతా చూస్తూ వచ్చాడు. దిద్దడానికి తప్పు దొరకలేదు. తర్వాత లక్ష్మయ్య లేచి ఇనుప దిమ్మ ఏరుకుని కోత మొదలుపెట్టాడు.

పదింటికి కమిటీ ఇద్దరూ వచ్చారు, కళ్ళజోళ్ళతో సహా గులాబీరంగై. జరిగింది వెంకటకృష్ణ గారు చెప్పాడు. వాళ్ళు నేల మీది బొమ్మ చుట్టూ తిరిగారు. వాళ్ళలో కమిటీ ప్రెసిడెంటయిన పెద్దాయన వేలు పెట్టడానికి వంగలేక బూటు కొనతో అడిగాడు. ఇదేమిటి? బొక్క సార్. ఇది? గంటు అడుగు సార్. ఇక్కడ వెడల్పు ఏదీ? గా బొమ్మల చూడాలె సార్, గీడ ఉండది. ఇది ఎవరు గీశారు? నేనే సార్. ఏం చూసి?

లక్ష్మయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. “చూసుడేంది సార్,” అన్నాడు. “తెలుసు గద.”

వెంకటకృష్ణ గారు రిజిస్టరు తెచ్చి తెరిచాడు. ప్రెసిడెంటు సంతకం చేశాడు. సంతకం పక్కన గులాబీరంగు వేలిముద్ర పడింది.

“పాసు! నువ్వు ఇక్కడ పెట్టు లక్ష్మయ్యా సంతకం” అన్నాడు వెంకటకృష్ణ గారు. పెన్ను మూత తీసి చాపాడు.

లక్ష్మయ్య తన చేతులు చూసుకున్నాడు.

“నూనెచేతులు సార్. గీ పీసు అయినంక పెడ్త.”

“పీసు అక్కరలేదయ్యా, పాసయిపోయావు!”

లక్ష్మయ్య వైసు ఇంకొక అరచుట్టు బిగించాడు. ప్రెసిడెంటు గారు కిటికీకి అడ్డంగా నిలబడి ఉంటే వెలుతురు కోసం ఆయన్ను మెల్లగా పక్కకు జరిపి, ఆకురాయి తీసుకున్నాడు.